ఇద్దరు పెద్దమనుషులు

ఒక నటుడు నలభై ఏళ్లు నటించినా లోకం ఒక్క ముఖాన్నే గుర్తు పెట్టుకుంటుంది. జొన్నలగడ్డ వెంకట సోమయాజులు అంటే ఎవరా అని కొందరు ఒక్క క్షణం ఆగుతారు. శంకరశాస్త్రి అంటే ఎవరూ ఆగరు. నుదుట విభూతి రేఖలు, భుజాల మీద శాలువా, ఎవరి కోసమూ తొందరపడని నడక. 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైంది. ఆ తరవాత ఆయనకు వేరే ముఖం మిగల్లేదు. 2004 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూస్తే, మా బంధువుల ఇళ్లల్లో శంకరశాస్త్రిగారు పోయారనే చెప్పుకున్నారు.

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత నాటకాలవాళ్ల దగ్గర కూర్చుంటే మాత్రం వేరే సోమయాజులు బయటికొస్తాడు. వాళ్లకు ఆయన రామప్ప పంతులు. దొంగ సాక్ష్యానికి వెనకాడనివాడు, పెళ్లి సంబంధాల్లో దళారీ, ఊళ్లో తగవు లేకపోతే పొద్దుపోనివాడు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులుగా సోమయాజులు, గిరీశంగా ఆయన తమ్ముడు జె.వి. రమణమూర్తి 45 ఏళ్ల కాలంలో 500 దాకా ప్రదర్శనలిచ్చారని చెబుతారు. అంటే శంకరశాస్త్రి కావడానికి ముందు ఆయన ఎన్ని వందల రాత్రులు ఒక టక్కరి పెద్దమనిషిగా బతికాడో ఆలోచించండి.

టక్కరి వేషం కట్టినవాడే సాధువు వేషం కట్టడం నటుల లోకంలో కొత్తేమీ కాదు. నా అనుమానం ఇంకొంచెం దూరం వెళ్తుంది. ఆ రామప్ప పంతులు లేకపోతే ఈ శంకరశాస్త్రి లేడేమోనని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. అలా ఎందుకు అనిపిస్తోందో చెప్పాలంటే నేనున్న ఊరి గురించి కూడా కాస్త చెప్పాలి.

నేనుండేది దసమంతపూర్‌లో. కోరాపుట్ జిల్లాలో లక్ష్మీపూర్ వైపు, రాయగడ జిల్లా కాశీపూర్ కొండలకు దాపున ఉన్న ఊరు. బ్లాకు ఆఫీసు, తహసీలు, వారానికో సంత, చుట్టూ కొంధులవీ పరజలవీ పల్లెలు. ఆఫీసుల్లో ఒడియా, సంతలో దేశియా, కొండపల్లెల్లో కువి వినిపిస్తాయి. తెలుగు మా వంటి కొద్ది ఇళ్లలో గుమ్మం లోపల మాట్లాడుకునే భాష. కానీ 1936 ఏప్రిల్ 1 దాకా ఈ కొండలన్నీ మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి, జయపురం సంస్థానం ఏలుబడిలో. ఆ రోజున ఒరిస్సా వేరు పడింది, కోరాపుట్ దాని జిల్లా అయింది. సరిహద్దు మారింది గాని దారి మారలేదు. సాలూరు దాటగానే కొండ ఎదురవుతుంది. సుంకి ఘాట్ ఎక్కితే పొట్టంగి, ఆపైన సిమిలిగుడ, కోరాపుట్. ఉప్పూ బట్టా ఆ దారినే పైకి వచ్చాయి. తెలుగూ ఆ దారినే వచ్చింది.

అలా వచ్చిన తెలుగు రెండు రకాల మనుషుల నోట వచ్చింది. ఒకరి పేరు అందరికీ తెలుసు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. వాల్తేరులో సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టుకున్నారు. మాకూ మైదానానికీ మధ్య ఏదన్నా గౌరవంగా చెప్పుకోవాలంటే మేం ఆయన పేరే చెబుతాం.

రెండోరకం మనిషికి పేరు లేదు. కచేరీ భాష తెలిసినవాడు, అర్జీ రాసిపెట్టేవాడు, అప్పిచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. వడ్డీకి ఒక హద్దు పెట్టి, కొండవాళ్ల భూమి పైవాళ్ల చేతుల్లోకి జారిపోకుండా అడ్డుకట్ట వేయడం దాని పని. అది చాలక 1956లో ఒడిశా ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాల భూముల కోసం మళ్లీ ఒక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. చట్టాలు ఊరికే పుట్టవు. వాటి ముందు ఎందరో రామప్ప పంతుళ్లు ఘాటీ ఎక్కి ఉంటారు.

మా తాతగారు సాలూరు నుంచి పైకి వచ్చి అర్జీలు రాసిపెట్టి బతికారు. ఆయన గురించి మా ఇంట్లో చెప్పుకునే కథలన్నీ మంచివే. ఇంటి కథలు ఎక్కడైనా అలాగే ఉంటాయి. ఎదుటి పక్షం వాళ్లు తమ ఇళ్లల్లో ఏం చెప్పుకున్నారో తెలుసుకునే దారి లేదు. అందుకేనేమో, ‘కన్యాశుల్కం’ తీసినప్పుడల్లా గిరీశం దగ్గర మనసారా నవ్వుతాను గాని, రామప్ప పంతులు దగ్గరికి వచ్చేసరికి నా నవ్వు కాస్త జాగ్రత్త పడుతుంది.

అసలు ఆ పాత్రలో ఏముందో చూడండి. ‘కన్యాశుల్కం’ తొలిసారి 1892లో విజయనగరంలో ఆడారు. మనం ఇప్పుడు చదివే ఏడంకాల నాటకం 1909లో వచ్చింది. మొత్తం ఆడితే ఒక రాత్రి సరిపోదు కనక ఎవరికి తోచినట్టు వాళ్లు కుదించుకుంటారు. ఎవరు ఎంత కుదించినా రామప్ప పంతుల్ని తీసేయలేరు. కథలో ప్రతి కుట్రకీ ఆయన గుమ్మమే అడ్డా. ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లి కుదర్చడమూ ఆయనే, చెడగొట్టడమూ ఆయనే. ఒక పక్క ఊరికి నీతులు చెబుతూ ఇంట్లో మధురవాణిని పెట్టుకున్నవాడూ ఆయనే.

పాపం, ఆయనకు ఒకటే తాపత్రయం. నలుగురూ తనని పెద్దమనిషి అనుకోవాలి. నోరు విప్పితే పరువు, మర్యాద, తన పలుకుబడి. అబద్ధం ఆడేటప్పుడు గొంతు మరింత గంభీరమవుతుంది. ఇంతగా పెద్దరికం నటించే మనిషి చివరికి ఎవరి చేతిలో మోసపోతాడు? కరటకశాస్త్రి చేతిలో. కరటకశాస్త్రి మహారాజావారి నాటకం కంపెనీలో విదూషకుడు. ఆడపిల్ల వేషం వేయించి తెచ్చిన మహేశం ఆయన శిష్యుడు. అంటే వృత్తి నటుల ముందు ఇంటి నటుడు చిత్తయ్యాడన్నమాట. గురజాడవారి చమత్కారం అక్కడుంది. రామప్ప పంతులు పగలూ రాత్రీ నటిస్తూనే ఉంటాడు, కాని మంచి నటుడు కాడు. మధురవాణి మొదటి చూపులోనే ఆ సంగతి కనిపెట్టేసింది. ఆయన చెప్పేదాన్ని నమ్మినట్టు నటిస్తూ ఆయన్ని ఆడించింది.

ఆ పాత్ర ధరించేవాడికి ఇక్కడో చిక్కుంది. సరిగ్గా నటించడం చేతకాని మనిషిని అతను సరిగ్గా నటించి చూపించాలి. పెద్దరికం ఒంటి మీద ఎలా పేర్చుకుంటారో తెలియాలి. ఛాతీ ఎక్కడ పొంగుతుంది, కండువా ఎప్పుడు సర్దుకుంటాడు, మాటకు ముందు ఎంతసేపు ఆగుతాడు, ఇవన్నీ తెలియాలి. అవి ఎక్కడ బీటలు వారతాయో కూడా ప్రేక్షకుడికి చూపించాలి. కొంచెం ఎక్కువైతే పంతులు ఉత్త బఫూన్ అవుతాడు, కొంచెం తక్కువైతే నిజంగానే పెద్దమనిషి అయిపోతాడు. ఈ కొలతను వందల రాత్రులు సరిచూసుకున్న నటుడికి మనిషి హుందాతనం గురించి ఏం తెలిసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏది అసలుదో, ఏది అరువు తెచ్చుకున్నదో, మనుషులు ఆ అరువుకు ఎంత వడ్డీ కడతారో!

ఇదే పాత్ర వెండితెర మీదికి 1955లో వచ్చింది. పి. పుల్లయ్యగారి సినిమాలో గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి, లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు. రామప్ప పంతులు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. సి.ఎస్.ఆర్.గారిదీ నాటకరంగం నుంచి వచ్చిన ప్రాణమే. పద్యం చెప్పడంలో పేరున్న మనిషి. 1936లో వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ఆయనే కృష్ణుడు. పీతాంబరం కట్టి లోకాన్ని రక్షించిన ఆ మనిషే 1955 నాటికి రామప్ప పంతులయ్యాడు, 1957లో ‘మాయాబజార్’లో పాచికలు పట్టుకున్న శకుని అయ్యాడు. దేవుడి దగ్గర బయల్దేరి టక్కరి దగ్గరికి వచ్చిన ప్రయాణం ఆయనది. సోమయాజులుగారు అదే దారిలో ఎదురు నడిచారు. ఆ శకుని చిరునవ్వు అంత చల్లగా, అంత మర్యాదగా ఎందుకుంటుందో కృష్ణుణ్ణి తెలిసినవాళ్లు చెప్పగలరు. అలాగే శంకరశాస్త్రి మౌనం అంత నమ్మకంగా ఎందుకుంటుందో రామప్ప పంతుల్ని తెలిసినవాళ్లు చెప్పాలి.

ఒకసారి మా పక్కింటి ఒడియా మాస్టారు మా ఇంట్లో కూర్చుని ‘శంకరాభరణం’ మొత్తం చూశారు. ఆయనకు తెలుగు రాదు. సంగీతం మాత్రం చెవికి బాగా పట్టిన మనిషి. చివర్లో లేచి కళ్లజోడు తుడుచుకుంటూ, “ఆగ్యా, ఈయన సంగీతం మాస్టరుగారా?” అని అడిగారు.

“కాదండీ. రెవెన్యూలో డిప్యూటీ కలెక్టరుగారు” అన్నాను.

మాస్టారు ఓసారి తెర వంక, ఓసారి నా వంక చూసి నవ్వారు. “అయితే అంతసేపూ తాళం వేసింది సంతకాలు పెట్టే చెయ్యేనన్నమాట!”

నాకు ఆ మాట చాలా నచ్చింది. సోమయాజులుగారు 1928లో శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. విజయనగరంలో నాటకాల మధ్య పెరిగారు, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ డిప్యూటీ కలెక్టరు దాకా వచ్చారు. నాటకం ఆయనకు జీతం ఇచ్చిన పని కాదు. జీతం ఇచ్చింది కచేరీ. తమ్ముడు రమణమూర్తి 1957లోనే ‘ఎమ్మెల్యే’ సినిమాలో సావిత్రి పక్కన కథానాయకుడిగా కనిపించాడు. అన్నగారు మాత్రం యాభై దాటేదాకా ఫైళ్లూ రంగస్థలమూ పట్టుకుని ఉండిపోయారు.

ఆ ఆలస్యాన్ని చాలామంది నష్టంగా చెబుతారు. నాకు అలా అనిపించదు. రెవెన్యూ అధికారి బల్లకు ఇవతల ఎవరు నిలబడతారు? పొలం గట్టు తగవుతో వచ్చిన రైతు, వితంతు పింఛను కోసం వచ్చిన ముసలమ్మ. వాళ్ల వెనకే, వాళ్లకన్నా ముందు మాట్లాడే ఒక పెద్దమనిషి. ఈ మనిషి లేని తహసీలు నాకు తెలిసి ఇటు ఒడిశాలో లేదు, అటు ఆంధ్రలోనూ లేదు. గౌరవంగా నమస్కారం పెడతాడు, తనకేమీ అక్కర్లేదంటాడు, పాపం వాళ్ల కోసమే వచ్చానంటాడు. సోమయాజులుగారు పగలు బల్లకు అటువైపు కూర్చుని ఆ మనిషి మాట వింటూ, రాత్రి వేదిక మీద ఆ మనిషే అయ్యారు. ఏ నాటక పాఠశాలలోనూ దొరకని సౌకర్యం ఇది. ఎదుటివాడి నటనను కనిపెట్టడం ఒక అధికారికి ఉద్యోగధర్మం. కనిపెట్టినదాన్ని ఒంట్లో దాచుకోవడం నటుడి ధర్మం. రెండూ ఒక మనిషిలో కలిశాయి.

ఇక శంకరశాస్త్రి. ఈ పాత్రకు గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారిది, స్వరాలు కె.వి. మహదేవన్‌గారివి. ఇద్దరికీ ఆ ఏడు జాతీయ అవార్డులు వచ్చాయి. మాటలు పాటలై నిలిచాయంటే వేటూరిగారి చలవ. కథనీ మనుషుల్నీ కూర్చింది కె. విశ్వనాథ్‌గారు, ధైర్యం చేసి తీసింది ఏడిద నాగేశ్వరరావుగారు. ఇంతమంది గొప్పవాళ్లు చేసిన పనిలో సోమయాజులుగారి వంతు ఎంత అని అడిగేవాళ్లున్నారు. పాడింది ఆయన కాదు కదా అంటారు.

పాట నోటి నుంచి వచ్చినట్టు చూపించడం చిన్న విద్య, పెదవులు కలిపితే చాలు. పాట ఒక మనిషి బతుకులోంచి వచ్చినట్టు చూపించడం వేరు. ఆయన పాడేటప్పుడు మెడ నరాలు చూడండి, గుక్క తీసుకునే చోట భుజాలు చూడండి. అంతకన్నా ముఖ్యంగా, ఆయన ఏం చేయకుండా ఊరుకున్నాడో చూడండి. రామప్ప పంతులు నిమిషానికోసారి సర్దుకున్న కండువా ఇక్కడ శాలువాగా మారి భుజం మీద కదలకుండా ఉంది. సభలో ఎవరు చూస్తున్నారు, ఎవరు లేచి నిలబడ్డారు అన్న వెతుకులాట కళ్లలో లేదు. పెద్దమనిషి అనిపించుకోవాలన్న తాపత్రయం ఎలా ఉంటుందో అణువణువూ తెలిసిన నటుడు, దాని గుర్తుల్ని ఒక్కొక్కటిగా ఒంటి మీదనుంచి తీసేశాడు. తీసేశాక మిగిలింది శంకరశాస్త్రి. మామూలు నటుడైతే గంభీరంగా కనిపించడానికి ఏదో ఒకటి చేసేవాడు. ఆ ‘ఏదో ఒకటి’ అంతా రామప్ప పంతులు సొత్తు. దాన్ని దగ్గరికి రానివ్వకూడదని ఈయనకు తెలుసు.

రాత్రి వేళ వీధిలో కుర్రాళ్లు పాశ్చాత్య బాణీలతో ఆయన్ని వెక్కిరించే ఘట్టం ఉంది కదా. అక్కడ శాస్త్రిగారు వాళ్లని తిట్టి పంపించేస్తే పెద్దరికం నిలబడేది. ఆయన వాళ్ల బాణీనే అందుకుని, దాన్నీ పాడి చూపించి, సంగీతానికి తూర్పూ పడమరా లేవని చెబుతాడు. గెలిచానన్న మెరుపు ముఖంలో రానివ్వడు. అదే మాట రామప్ప పంతులు చెప్పి ఉంటే, అని ఊహించుకుని చూడండి. ఆ కుర్రాళ్ల చేత క్షమాపణ చెప్పించుకునేదాకా వదిలేవాడా?

ఈ రెండు కథల్లో ఇంకో పోలిక నన్ను మరీ పట్టుకుంది. రామప్ప పంతులు ఎదుట మధురవాణి, శంకరశాస్త్రి ఎదుట తులసి. ఇద్దరూ సాని ఇళ్లలో పుట్టినవాళ్లు. లోకం ఇద్దరినీ గుమ్మం బయటే నిలబెట్టింది. ‘కన్యాశుల్కం’లో మధురవాణి తెలివికి దణ్ణం పెట్టగలిగినవాడు లేడు, చివరికి వకీలు సౌజన్యారావు పంతులంతటి మంచివాడు కూడా ఆమె ఎవరో తెలిసేసరికి తడబడ్డాడు. ‘శంకరాభరణం’లో తులసికి నీడ ఇచ్చినందుకు ఊరు శాస్త్రిగారిని వెలివేసినంత పని చేసింది. నూరేళ్లు కావస్తున్నా ఊరు మారలేదన్నమాట. మారింది ఎదుట నిలబడ్డ మగవాడు. ఒకే నటుడు ఒక కథలో అటువంటి స్త్రీని కొనుక్కుని దాచుకున్నాడు, మరో కథలో ఏ హక్కూ అడగకుండా ఆమె భక్తిని మోశాడు. మంజుభార్గవి తులసిగా ఆయన వంక చూసే చూపు నిజమనిపించాలంటే, ఆ చూపు అందుకున్న ముఖంలో ఇసుమంతైనా రామప్ప పంతులు కనిపించకూడదు. వందల రాత్రుల అలవాటు అది, ఎక్కడో ఒకచోట తొంగిచూడాలి. చూడలేదు. ఆయన చేసిన అసలైన సాధన ఇదేనని నేననుకుంటాను.

మా కొండల్లో నటుల సంగతి వేరుగా ఉంటుంది. కోరాపుట్ పల్లెల్లో దేశియా నాట అని ఒకటి ఆడతారు. పురాణ కథ, ఆరుబయట, రాత్రంతా. రాక్షసులకీ దేవుళ్లకీ జంతువులకీ ముఖాలు కడతారు. డప్పూ మోహురీ మోగుతూ ఉంటే రావణుడు చిందులు తొక్కుతాడు, పిల్లలు హడలి అమ్మ కొంగు పట్టుకుంటారు. తెల్లారాక ఆ రావణుడు ముఖం విప్పి గూట్లో పెట్టి, చోళ్ల మూటో వలిసెల మూటో నెత్తిన పెట్టుకుని సంతకు వస్తాడు. అక్కడ అతన్ని ఎవరూ రావణా అనరు, కాళ్లకి దణ్ణం పెట్టరు, తూకంలో ఒక గింజ ఎక్కువా ఇవ్వరు. వేషం రాత్రికి చెందింది, మనిషి పగటికి చెందాడు. ఈ లెక్క ఊళ్లో అందరికీ స్పష్టంగా తెలుసు.

సోమయాజులుగారి రంగస్థల జీవితం కూడా చాలావరకు ఇలాంటిదే. రాత్రి రామప్ప పంతులు, పొద్దున కచేరీలో అధికారి. ఎవరికీ తికమక లేదు. సినిమా వచ్చి ఈ లెక్క చెడగొట్టింది. తెర మీది ముఖాన్ని విప్పి గూట్లో పెట్టడం కుదరదు. నాటకం ఆడిన రాత్రితో పోతుంది, సినిమా ఎన్నేళ్లయినా అలాగే తిరిగి వస్తుంది. తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లోనూ జనం ఆ సినిమాకి బారులు తీరారు. ఫ్రాన్సులో బెజాన్సాన్ చిత్రోత్సవంలోనూ ప్రేక్షకులు మెచ్చారు. విశ్వనాథ్‌గారే తరవాత హిందీలో ‘సుర్ సంగమ్’గా తీస్తే ఆ పాత్ర గిరీష్ కర్నాడ్‌గారు వేశారు. కర్నాడ్‌గారికి ఆ తరవాత కూడా వేరే ముఖాలు చాలా మిగిలాయి. సోమయాజులుగారికి మిగల్లేదు. ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖకు ఆయన డైరెక్టరయినప్పుడు కూడా జనం ఆ కుర్చీలో అధికారిని చూడలేదు, శాస్త్రిగారినే చూశారు.

ఆయన చేసిన మిగతా సినిమాల పేర్లు చూస్తే పరిశ్రమ కూడా అదే చూసిందని తెలుస్తుంది. బాపుగారి ‘వంశవృక్షం’లో సంప్రదాయం తెలిసిన పెద్ద, బాపుగారిదే ‘త్యాగయ్య’లో సాక్షాత్తు త్యాగరాజస్వామి. తరవాత తరవాత గురువుగారో తాతగారో పూజారిగారో కావలసివస్తే ఆయనకు కబురు వెళ్లేది. వేషాలు చాలా వచ్చాయి, వాటిలో వెతుక్కోవలసిన మనిషి తక్కువ. ఒక్కసారయినా ఎవరన్నా ఆయన్ని పిలిచి, మంచి జరీ కండువా ఒకటి ఇచ్చి, ఊళ్లో తగవులు పెట్టే కరణంగా నిలబెట్టి ఉంటే! ఆ చేతిలో ఎంత సరుకుందో తెరకు తెలిసి ఉండేది.

వాటన్నిట్లో ఒకటి మాత్రం నాకు విడిగా కనిపిస్తుంది. 1981లో వచ్చిన ‘సప్తపది’. ఇందులో ఆయన యాజులుగారు. నిష్ఠాపరుడైన పూజారి, ఊరంతా చేతులు కట్టుకుని నిలబడే మనిషి. మనవడికిచ్చి పెళ్లి చేసిన పిల్ల మనసు హరిజనుడైన ఒక వేణుగాన విద్వాంసుడి మీద ఉందని తెలుస్తుంది. ఊరి కట్టుబాటు ఒకవైపు, పిల్ల బతుకు ఒకవైపు. యాజులుగారు చివరికి ఆ పిల్లని ఆమె కోరుకున్నవాడి చేతిలో పెడతాడు. పక్కన తమ్ముడు రమణమూర్తి కూడా ఉన్నాడు ఆ సినిమాలో. గిరీశమూ రామప్ప పంతులూ మడి కట్టుకుని ఒకే అగ్రహారంలో నిలబడ్డారని విజయనగరంవాళ్లు నవ్వుకునే ఉంటారు.

ఆ నిర్ణయం తీసుకునే ముందు యాజులుగారి ముఖంలో నలిగే నలుగుడు చూస్తే, ఒక నటుడి జీవితం మొత్తం వరసలో పడినట్టు అనిపిస్తుంది. రామప్ప పంతులుకు పెద్దరికం లేదు, ఉన్నట్టు చూపించుకుంటాడు. శంకరశాస్త్రికి ఉంది, ఆ సంగతి ఆయనకు పట్టదు. యాజులుగారికి ఉంది, దాని విలువ ఎంతో కూడా ఆయనకు తెలుసు. తరతరాలుగా పోగుపడిన ఆ పరపతినంతా ఒక ఆడపిల్ల కోసం ఒక్కరోజులో ఖర్చు పెట్టేస్తాడు. మూడింటిలోకీ కష్టమైనది ఇదే. లేనిదాన్ని నటించవచ్చు, ఉన్నదాన్ని మరిచిపోవచ్చు. ఉన్నదని తెలిసీ చేజేతులా వదులుకోవడానికి మనిషికి లోపల ఏదో గట్టిగా ఉండాలి.

నటన నేర్చుకునే కుర్రాళ్లకు ఎవరన్నా సోమయాజులుగారి గురించి చెబితే, దయచేసి ఆయనది సహజంగానే అంత సాత్వికమైన ముఖమని చెప్పవద్దు. ఆ పొగడ్త పైకి బాగుంటుంది. లోపల మాత్రం ఆయన పనిని కొట్టిపారేస్తుంది. ముఖం ఆయనకు పుట్టుకతో వచ్చింది నిజమే. దాని మీద కనిపించిన నెమ్మది పుట్టుకతో వచ్చింది కాదు. ఆయన రామప్ప పంతుల్ని సినిమా కెమెరా పట్టుకోలేదు కనక, చూసినవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు కనక, మిగిలిన సగాన్నే మనం మొత్తం అనుకుంటున్నాం.

ఈ ఊళ్లో కూర్చుని రామప్ప పంతులు తరపున వకాల్తా పుచ్చుకోవడం నాకు అంత సులువు కాదు. ఆ మనిషి పెట్టించిన వేలిముద్రలు ఈ కొండల మీద ఇంకా ఆరలేదు. అయినా న్యాయం న్యాయమే. శంకరశాస్త్రిగారిని చూసి మనం పెట్టే దణ్ణంలో సగం ఆ పంతులుగారి వాటా. తన వాటా అడిగి పుచ్చుకోవడంలో ఆయన మొహమాటపడే రకం కూడా కాదు.